రాత్రి రెండింటికి బిడ్డ ఏడిస్తే: హైదరాబాద్ ప్రసూతి ఆసుపత్రుల నర్సింగ్ సూపరింటెండెంట్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నర్సింగ్ సూపరింటెండెంట్లకు, కాన్పు వార్డుల ఇన్‌ఛార్జి సిస్టర్లకు,

నమస్కారం.

మన నగరంలో ఏ ప్రసూతి వార్డుకైనా వెళ్ళి స్టాఫ్ నర్సును అడగండి. ముర్రుపాలు పట్టాలా? పట్టాలి. మొదటిసారి ఎప్పుడు? గంటలోపు. తల్లిపాలొక్కటే ఎన్నాళ్ళు? ఆరు నెలలు. జవాబులన్నీ సరైనవే. అదే సిస్టర్ నైట్ డ్యూటీలో ఉండగా, రాత్రి రెండింటికి, సిజేరియన్ అయిన తల్లి పక్కన బిడ్డ ఆగకుండా ఏడుస్తుంటే, అమ్మమ్మ వచ్చి "పాలు పడలేదు సిస్టర్, ఏదైనా రాయించండి" అంటే, అరగంటలో డబ్బా పాలు వస్తాయి. పుస్తకంలో నేర్చుకున్నది ఆ సమయానికి చేతుల్లోకి రాదు. అలా రాకపోవడానికి కారణం సిస్టర్ నిర్లక్ష్యం కాదని, ఆమెకు మనం నేర్పిన తీరు, వార్డును నడుపుతున్న తీరు అని చెప్పడానికే ఈ లేఖ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుతున్నది మాత్రం నూటికి 37 మంది బిడ్డలకే. ఈ తేడాను అత్తగార్ల మీదికి, పాత ఆచారాల మీదికి నెట్టలేం. ఆ మొదటి గంటలో బిడ్డ మన చేతుల్లోనే ఉంది. అదే సర్వేలో ఆరు నెలల లోపు పిల్లల్లో తల్లిపాలొక్కటే తాగుతున్నవాళ్ళు 68 శాతం. అంటే ఆలస్యంగా మొదలైనా చాలామంది తల్లులు ఇంటికెళ్ళి నిలదొక్కుకుంటున్నారు. తల్లులకు ఇష్టం లేదనే మాట ఇక మనం వార్డుల్లో అనకూడదు.

"ఒక్కసారి డబ్బా పాలు పడితే ఏమవుతుందిలే" అన్నది వార్డుల్లో ఎక్కువగా వినిపించే మాట. ఏమవుతుందో వరసగా చూద్దాం. మొదటి 24 గంటల్లో బిడ్డ ఒక విడతకు తాగే ముర్రుపాలు 2 నుంచి 10 మిల్లీలీటర్లు. రెండో రోజు 5 నుంచి 15, మూడో రోజు 15 నుంచి 30. తల్లికి ఆ రోజుల్లో వచ్చేదీ అంతే. అది కొరత కాదు, ఆ వయసుకు కొలతే అంత. మొదటి రాత్రి ఆ పొట్టలోకి ఒకేసారి 30 మిల్లీలీటర్ల పోతపాలు పోస్తే బిడ్డ మూడు నాలుగు గంటలు మత్తుగా పడుకుంటుంది. అంతసేపూ రొమ్ము చీకేవాళ్ళు లేరు. చీకితేనే పాలు తయారు చేయించే హార్మోన్ ప్రొలాక్టిన్ పెరుగుతుంది, అదీ రాత్రిపూట ఎక్కువగా పెరుగుతుంది. ఖాళీ కాని రొమ్ములో తయారీ మందగిస్తుంది. పాలు ధారగా దిగడం ఆలస్యమవుతుంది. ఈలోగా ఇంట్లోవాళ్ళు కళ్ళారా చూసిందేమిటి? తల్లి దగ్గర ఏడ్చిన బిడ్డ డబ్బా పాలు తాగి హాయిగా పడుకుంది. డాక్టరుగారు ఎంత చెప్పినా ఆ రాత్రి చూసినదాన్ని చెరపలేరు. డిశ్చార్జి రోజున మందుల సంచితో పాటు డబ్బా కూడా ఇంటికెళ్తుంది.

మరి రెండింటికి బిడ్డ ఏడిస్తే సిస్టర్ ఏం చేయాలి? ముందుగా తెలియాల్సింది, రెండో రాత్రి బిడ్డలు గంటగంటకీ రొమ్ము కోరడం సహజం. అది ఆకలితో మాడిపోవడం కాదు, పాలను రప్పించుకునే పని. బిడ్డను గుడ్డల్లోంచి విప్పి, డైపర్ ఒక్కటి ఉంచి, తల్లి ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పాలి. చాలామంది బిడ్డలు పది నిమిషాల్లో సర్దుకుని నోటితో వెతకడం మొదలుపెడతారు. ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు, గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డ తల పట్టుకుని రొమ్ముకేసి అదమడం. ఏడుపు ఆకలికి చివరి గుర్తు. నాలుక పైకి లేచి ఉంటుంది, నోరు అందుకోదు. తల వెనక నొక్కితే బిడ్డ ఎదురు తన్ని వెనక్కి విరుచుకుంటుంది. రెండుసార్లు ఇలా అయితే "బిడ్డ పట్టడం లేదు" అని కేస్ షీటులో రాసేస్తాం. ముందు ఊరుకోబెట్టాలి, తర్వాతే రొమ్ము. చేతులు నోట్లో పెట్టుకోవడం, తల అటూ ఇటూ తిప్పడం, పెదాలు చప్పరించడం కనిపించగానే తల్లికి ఇవ్వమని పగటి డ్యూటీలోనే తల్లికీ, పక్కనున్న పెద్దవాళ్ళకీ చూపిస్తే రాత్రి ఏడుపు సగం తగ్గుతుంది.

తర్వాత పట్టు, అంటే బిడ్డ నోటితో రొమ్మును అందుకున్న తీరు, చూడాలి. ఒక పాలివ్వడం మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూసిన సిస్టర్లు ఎంతమంది ఉన్నారో మీ వార్డులో ఒకసారి అడగండి. "పాలిస్తున్నావా అమ్మా?" "ఇస్తున్నాను సిస్టర్." షీటులో టిక్కు. తాగడానికీ, నోట్లో ఉండటానికీ తేడా ఆ టిక్కులో తెలియదు. చూడాల్సినవి ఇవి: బిడ్డ నోరు ఆవులించినంత వెడల్పుగా తెరిచిందా, కింది పెదవి బయటికి మడిచి ఉందా, గడ్డం రొమ్ముకు ఆనుకుందా, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం కింద కన్నా పై భాగంలో ఎక్కువగా కనిపిస్తోందా. బిడ్డ తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండి, పొట్ట తల్లికేసి తిరిగి ఉండాలి. బిడ్డ వెల్లకిలా ఉండి మెడ ఒక్కటే తిప్పి తాగాల్సి వస్తే మింగలేదు. మీరూ మెడ పక్కకు తిప్పి నీళ్ళు తాగి చూడండి. మొదట గబగబా చీకి, పాలు చేపుకు వచ్చాక నిదానంగా లోతుగా చీకుతూ మధ్యలో మింగుతుంటే పాలు అందుతున్నట్టు. బుగ్గలు సొట్టలు పడుతున్నా, టక్ టక్ అని చప్పుడు వస్తున్నా పట్టు సరిగా లేదు. తీసేటప్పుడు లాగకూడదు. తల్లి శుభ్రమైన చిటికెన వేలు బిడ్డ నోటి మూలలోంచి చిగుళ్ళ మధ్యకు పెడితే పట్టు విడుస్తుంది.

చనుమొన పగిలిందంటే దాదాపు ఎప్పుడూ కారణం ఈ పట్టే. క్రీమ్ రాసి పంపేస్తే మర్నాటికి మళ్ళీ పగులుతుంది. బయటికి తీసినప్పుడు చనుమొన కొత్త లిప్‌స్టిక్ కొసలా ఏటవాలుగా నొక్కుకుపోయి కనిపిస్తే, బిడ్డ మొనను మాత్రమే కొరుకుతోందని అర్థం. పట్టు సరిచేసి, పాలిచ్చాక చివర వచ్చే పాలు రెండు చుక్కలు రాసి ఆరనిస్తే చాలా పగుళ్ళు మానిపోతాయి.

లోపలికి ఉన్న చనుమొన గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ తల్లులకే మనం తొందరగా "నీకు రాదమ్మా" అనేస్తున్నాం. బిడ్డ చీకేది మొనను కాదు, రొమ్మును. పట్టు లోతుగా కుదిరితే లోపలికున్న మొనలు చాలావరకు బయటికొస్తాయి. సాయం కావాలంటే సిరంజి పద్ధతి ఉంది. 10 లేదా 20 మిల్లీలీటర్ల కొత్త సిరంజిలో సూది తగిలించే కొసను బ్లేడుతో తిన్నగా కోసి, ప్లంజర్ తీసి, కోసిన వైపు నుంచి ఎక్కించాలి. నున్నగా ఉన్న రెండో అంచు చర్మానికి ఆనాలి. కొత్తగా వచ్చిన సిస్టర్లు ఇక్కడే తడబడతారు. ప్లంజర్ ఎప్పటిలానే ఉంచి కోసిన గరుకు అంచు చర్మానికి పెడితే గాయమవుతుంది. లాగేది తల్లే, తనకు నొప్పి తెలియనంత మెల్లగా, అర నిమిషం నుంచి నిమిషం దాకా, ప్రతిసారీ పాలిచ్చే ముందు. ఒక తల్లి సిరంజి ఇంకో తల్లికి వాడకూడదు.

చేత్తో పాలు పిండటం ప్రతి నర్సుకూ రావాలి. బిడ్డ ఎన్ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూలో) ఉంటే మొదటి గంటలోనే మొదలుపెట్టాలి, ఎంత ఆలస్యమైనా ఆరు గంటలు దాటకూడదు. చేతులు కడుక్కుని, రొమ్మును గోరువెచ్చని గుడ్డతో కాసేపు కాపి, మెల్లగా నిమరాలి. బొటనవేలు పైన, మిగతా వేళ్ళు కింద, చనుమొనకు 2 నుంచి 3 సెంటీమీటర్ల దూరంలో అర్ధచంద్రాకారంగా పెట్టి, ముందు ఛాతీ వైపు లోపలికి నొక్కి, అప్పుడు రెండు వేళ్ళనూ దగ్గరికి తెచ్చి, వదలాలి. నొక్కు, దగ్గరికి, వదులు. వేళ్ళు చర్మం మీద జారకూడదు, చనుమొనను గుంజకూడదు. గుంజితే నొప్పి వస్తుంది, పాలు రావు. మూడు నుంచి ఐదు నిమిషాలు ఒక పక్క, తర్వాత రెండో పక్క, మళ్ళీ మొదటిది, వేళ్ళ చోటు మారుస్తూ చుట్టూరా. మొత్తం 20 నుంచి 30 నిమిషాలు. రోజుకు కనీసం ఎనిమిదిసార్లు, అందులో ఒకటి రాత్రి. మొదటిరోజు వచ్చేవి చుక్కలే. ముర్రుపాలు చిక్కగా ఉంటాయి కాబట్టి పంపు పెడితే గొట్టానికే అంటుకుపోతాయి. ఒక మిల్లీలీటరు సిరంజితో మొన దగ్గరే అందుకోవాలి. ఒకటి రెండు మిల్లీలీటర్లు వచ్చినా అదే ఆ విడత భోజనమని తల్లికి చెప్పాలి, లేకపోతే సిరంజి చూసి ఏడ్చేస్తుంది.

పట్టడానికి సీసా వద్దు. ఉగ్గు గిన్నె మన ఇళ్ళలో ఉన్నదే, శుభ్రంగా మరిగించి వాడాలి. బిడ్డను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టి, గిన్నె అంచు కింది పెదవికి ఆనించి, పాలు పెదవికి తగిలేదాకానే వంచి, బిడ్డ నాలుకతో తీసుకునేదాకా ఆగాలి. పడుకోబెట్టి గొంతులో పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఈ పని చాలా వార్డుల్లో ఆయమ్మల చేతుల మీదుగా జరుగుతోంది, వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. శిక్షణ పెట్టినప్పుడు ఆయమ్మలను కూడా కూర్చోబెట్టండి.

ఇక ఆపరేషన్ థియేటర్ మాట. అదే 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లు, ప్రైవేటులో 80 దాటాయి. కాబట్టి మొదటి గంట అంటే మన దగ్గర ఎక్కువగా థియేటర్లో గడిచే గంటే. వెన్నులో మత్తిచ్చిన తల్లి మెలకువగానే ఉంటుంది, చేతులు కదుపుతుంది, పాలివ్వగలదు. అయినా బిడ్డను చూపించి నర్సరీకి తీసుకెళ్ళి, రెండు మూడు గంటల తర్వాత కడుపు నింపి తెస్తున్నారు. అనస్థీషియా డాక్టరుతో ముందే మాట్లాడుకుంటే ఇది మారుతుంది. ఈసీజీ ప్యాచ్‌లు ఛాతీ మధ్యలో కాక భుజాల పక్కన, వీపు మీద అంటించాలి. గౌను ముందువైపు తెరుచుకునేలా కట్టాలి. సెలైన్ ఎక్కించే కాన్యులా మోచేయి మడతలో వద్దు, చేయి వంచలేదు. థియేటర్ వేడి 25 డిగ్రీలకు తగ్గకూడదు. ఏడ్చి, బాగా ఊపిరి తీసుకుంటున్న బిడ్డను తుడిచి, టోపీ పెట్టి, తెరకు ఇవతల తల్లి ఛాతీ మీద అడ్డంగా పడుకోబెట్టి పైన పొడి గుడ్డ కప్పాలి. బరువు తూచడం, విటమిన్ కె ఇంజెక్షన్, ఫుట్‌ప్రింట్లు గంట ఆగవచ్చు. ఆగకూడనిది ఒక్కటే: ఒక నర్సు పక్కనే ఉండి బిడ్డ రంగు, ఊపిరి, ముక్కు మూసుకోకుండా మెడ ఉన్న తీరు చూస్తూ ఉండాలి. తల్లికి మగతగా ఉంటే ఇది మరీ ముఖ్యం. ఆ ఒక్క నర్సును డ్యూటీ లిస్టులో పేరు పెట్టి కేటాయించకపోతే ఈ పని జరగదు.

వార్డుకొచ్చాక కుట్టు మీద భారం పడకుండా పక్కకు తిరిగి ఇవ్వడం, లేదా బిడ్డ కాళ్ళు తల్లి చంక కిందుగా వెనక్కి ఉండేలా పట్టుకోవడం నేర్పాలి. నొప్పి మందు టైముకు పడాలి. నొప్పితో ఉన్న తల్లికి పాలు చేపడం కష్టం. సెలైన్లు ఎక్కువ ఎక్కించుకున్న తల్లుల బిడ్డలు మొదటిరోజు ఒంట్లో చేరిన నీరు పోయి కాస్త ఎక్కువ బరువు తగ్గవచ్చు. తూకం అంకె ఒక్కటే చూసి డబ్బా తెరవకండి. ఎన్నిసార్లు మూత్రం పోశాడు, మలం నలుపు నుంచి ఆకుపచ్చకు, నాలుగైదు రోజులకు పసుపుకు మారుతోందా అన్నది కలిపి చూడాలి. మొదటిరోజు ఒక్కసారి, రెండో రోజు రెండుసార్లు, ఐదారు రోజులకు ఆరుసార్లకు పైగా మూత్రం పోస్తే చాలు. ఏడు శాతం దాటి బరువు తగ్గితే పాలిచ్చే తీరు మొత్తం మళ్ళీ చూడాలి. పది శాతం దాటితే పిల్లల డాక్టరు చూడాల్సిందే.

పోతపాలు ఎప్పుడూ వద్దని మేము అనడం లేదు. షుగర్ పడిపోయిన బిడ్డకు పిండిన ముర్రుపాలు చాలనప్పుడు, తల్లి ఐసీయూలో ఉన్నప్పుడు, గెలాక్టోసీమియా లాంటి అరుదైన జబ్బులున్నప్పుడు కావాలి. దాత పాలు దొరికితే ముందు అవి. నీలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి తల్లిపాల బ్యాంకు 2017 నుంచి ఉంది. పోతపాలు కావాలంటే మందు రాసినట్టే రాయాలి: కారణం, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్నిసార్లు, ఎలా పట్టాలి, ఎప్పుడు ఆపాలి, ఎవరి సంతకం. డబ్బా సిస్టర్ల టేబుల్ మీద కాక తాళం వేసిన అల్మారాలో ఉండాలి, రిజిస్టరు ఉండాలి. ఎవరూ రాయకుండా పట్టే డబ్బా పాలు ఈ ఒక్క ఏర్పాటుతోనే చాలా తగ్గుతాయి.

కొన్ని అపోహలు మన సిస్టర్ల నోటనే వినిపిస్తున్నాయి. కామెర్లు ఉంటే పాలు ఆపమనడం తప్పు. ఎక్కువసార్లు ఇస్తేనే కామెర్లు తెచ్చే పసుపు పదార్థం మలంతో పోతుంది, గ్లూకోజు నీళ్ళతో పోదు. హెపటైటిస్-బి ఉన్న తల్లి పాలివ్వవచ్చు. బిడ్డకు 12 గంటల్లోపు టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ (యాంటీబాడీల ఇంజెక్షన్) పడాలి. హెచ్ఐవీ తల్లి ఏఆర్‌టీ మందులు వాడుతూ ఆరు నెలలు తల్లిపాలొక్కటే ఇవ్వవచ్చు, తల్లిపాలూ డబ్బా పాలూ కలిపి పట్టడమే ప్రమాదం. బాలింతకు నీళ్ళు తక్కువ ఇవ్వమని, పప్పు వద్దని పథ్యం చెప్పే పని ఇంట్లో పెద్దవాళ్ళు ఎలాగూ చేస్తారు, యూనిఫాం వేసుకున్నవాళ్ళు దానికి వంత పాడకూడదు. తేనె నాకించడం, పంచదార నీళ్ళు, ఆముదం చుక్క, ఇవేవీ వద్దు. తేనెలో బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు కలిగించే క్రిములు ఉండవచ్చు. అయితే ఆ మాట చెప్పేటప్పుడు గొడవ పెట్టుకోకండి. తేనె సీసా తెచ్చిన నానమ్మ బిడ్డ మీద ప్రేమతోనే తెచ్చింది. "ఈ మొదటి ముర్రుపాలు మీ చేత్తోనే పట్టించండి అమ్మా" అని ఉగ్గు గిన్నె ఆమె చేతికే ఇస్తే, ఆమే మీ పక్షాన నిలబడుతుంది.

వైఖరి సంగతి ఇక్కడే వస్తుంది. "ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు", "పాలివ్వడం కూడా రాదా" అన్న ఒక్క మాటతో పందొమ్మిదేళ్ళ తల్లి మళ్ళీ సిస్టర్‌ని పిలవదు. నర్సుల వైఖరిని కొలవడానికి అయోవా స్కేలు లాంటి 17 ప్రశ్నల పత్రాలు ఉన్నాయి, విద్యార్థులు ప్రాజెక్టుల కోసం వాటిని నింపిస్తూనే ఉన్నారు. పత్రంలో మార్కులు బాగానే వస్తాయి. కానీ తల్లి దగ్గర కూర్చోవడానికి పది నిమిషాలు లేని నర్సుకు మంచి వైఖరి ఉన్నా అది తల్లిదాకా చేరదు. ముప్పై మంది బాలింతలున్న వార్డులో ఉన్నది అరవై మంది. మన వార్డు సెన్సస్‌లో, అంటే రోజూ రాసే పేషెంట్ల లెక్కలో, బిడ్డలు రానే రారు. డ్యూటీ వేసేటప్పుడు బిడ్డను కూడా ఒక పేషెంటుగా లెక్కించమని మేనేజ్‌మెంట్‌ను అడగాల్సింది మీరే.

ఇంకొక మాట కూడా అడగాలి. రొమ్ములు గట్టిపడి, బాత్రూంలో పాలు పిండి పారబోసి డ్యూటీ చేస్తున్న నర్సులు మీ దగ్గరే ఉన్నారు. 2017 నుంచి చట్టం 26 వారాల ప్రసూతి సెలవు, 50 మంది లేదా అంతకు ఎక్కువ మంది పనిచేసే చోట పిల్లల గది ఇవ్వమంటోంది. కాంట్రాక్టు సిస్టర్లకు ఇవి అందుతున్నాయో లేదో చూడండి. తన బిడ్డకు తాను ఇవ్వలేకపోయిన నర్సును వేరే తల్లికి ధైర్యం చెప్పమనడం న్యాయం కాదు.

శిక్షణ ఎలా ఉండాలో కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 1989లో ఇచ్చిన పది సూత్రాలను 2018లో సవరించినప్పుడు, సిబ్బందికి జ్ఞానంతో పాటు సామర్థ్యం, నైపుణ్యం కూడా ఉండాలని రెండో సూత్రంలోనే చెప్పారు. 2020లో 16 సామర్థ్యాలను మంచం పక్కనే పరీక్షించే పద్ధతి ఇచ్చారు. కాబట్టి ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాలప్పుడు బ్యానరు, ఉపన్యాసం, గ్రూప్ ఫొటోతో సరిపెట్టకండి. ఒక సీనియర్ సిస్టర్ పక్కనుండగా ప్రతి నర్సూ మూడు పాలివ్వడాలు మొత్తం గమనించి, ఒక తల్లికి చేత్తో పిండటం నేర్పి, ఒక బిడ్డకు ఉగ్గు గిన్నెతో పట్టి చూపించాలి. పాత సాక్స్‌లో దూది కుక్కి కుట్టిన రొమ్ము నమూనా, ఒక బొమ్మ ఉంటే తల్లిని తాకకుండానే చూపించవచ్చు. మన వార్డుల్లో తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా మాట్లాడే తల్లులు పక్కపక్క మంచాల మీద ఉంటారు, మలయాళం మాట్లాడే సిస్టర్లూ ఉంటారు. బొమ్మతో చూపిస్తే భాష అడ్డు రాదు. నైట్ డ్యూటీ వాళ్ళకు శిక్షణ నైట్‌లోనే పెట్టండి, డబ్బా తెరుచుకునేది ఎక్కువగా అప్పుడే. నెలకోసారి డిశ్చార్జి అవుతున్న పది మంది తల్లులను మూడు ప్రశ్నలు అడగండి: ఎవరైనా కూర్చుని చూశారా, చేత్తో పిండటం వచ్చా, బిడ్డకు తల్లిపాలు కాక ఇంకేం పట్టారు? జవాబులు సిస్టర్ల గదిలో అంటించండి, పేర్లు లేకుండా. బాన్సువాడ మాతా శిశు ఆసుపత్రి 2022లో తల్లిపాలకు అనుకూలమైన ఆసుపత్రిగా గుర్తింపు తెచ్చుకుంది. కామారెడ్డి జిల్లాలో ఒక పట్టణ ఆసుపత్రి చేసిన పని రాజధానిలో చేయలేమా?

చట్టం గురించి చివరగా. 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం, 2003 సవరణ ప్రకారం డబ్బా పాల కంపెనీలు ఆసుపత్రిలో పోస్టరు పెట్టకూడదు, తల్లులకు ఉచిత శాంపిళ్ళు ఇవ్వకూడదు, వైద్య సిబ్బందికి బహుమతులు ఇవ్వకూడదు, సదస్సులకు డబ్బు పెట్టకూడదు. కంపెనీ పేరున్న గోడ గడియారం, పెన్ను స్టాండు, ఎదుగుదల చార్టు వార్డులో ఉంటే ఈ వారమే తీయించండి. రెప్రజెంటేటివ్‌లు సిస్టర్ల గదికి రాకుండా గేటు దగ్గరే ఆపమని సెక్యూరిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి. వాళ్ళు వదిలి వెళ్ళిన శాంపిళ్ళు ఉంటే లెక్క రాసి సూపరింటెండెంట్ కార్యాలయానికి అప్పగించమనండి.

శిక్షణకు మా వంతుగా మేము వస్తాం, నైట్ డ్యూటీకి కూడా. నమూనాలు, పరిశీలన పత్రాలు తెలుగులో, ఉర్దూలో తయారు చేసి ఇస్తాం. మీరు ఒక వార్డు, ఒక ఇన్‌ఛార్జి సిస్టర్‌ను కేటాయించండి చాలు.

ఇట్లు,
హైదరాబాద్‌లో తల్లిపాల కౌన్సెలింగ్ చేస్తున్న నర్సులం, ప్రసూతి నర్సింగ్ బోధించే టీచర్లం